అర శ్రుతి దించే చిన్న పెట్టె: గిటార్‌కు పిచ్ పెడల్ ఎంచుకోవడం ఎలా?

పాటల కార్యక్రమాల్లో గిటార్ వాయించేవారికి ఈ ఘట్టం కొత్త కాదు. గాయని వేదిక ఎక్కి, మైకును చేత్తో మూసి, "గొంతు పట్టేసింది, అర శ్రుతి తగ్గించండి" అంటారు. కీబోర్డ్ ఆయన ట్రాన్స్‌పోజ్ మీటను ఒక్కసారి నొక్కి చేతులు కట్టుకుంటాడు. తబలా ఆయన సుత్తి తీస్తాడు. మీరు మాత్రం ఆరు తీగలు దించుకోవాలి. క్యాపో (తీగలన్నిటినీ ఒకే చోట నొక్కి పట్టే పట్టీ) శ్రుతిని పెంచుతుందే తప్ప దించదు. క్యాపో పెట్టి వేరే కార్డ్‌లు వాయించి గట్టెక్కవచ్చు గానీ, ఖాళీ తీగల మీద అల్లుకున్న రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుస) అప్పుడు చేతికి అందదు.

దీనికి విరుగుడు పిచ్ పెడల్, అంటే గిటార్‌కూ ఆంప్‌కూ (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) మధ్య తగిలించి కాలితో నొక్కే పెట్టె. నేను మొదట కొన్నది మంచిదే, నా పనికి మాత్రం పనికిరాలేదు. నాకు కావలసింది శ్రుతి దించేది, కొన్నది హార్మొనీ, అంటే మీటిన స్వరానికి తోడుగా మరో స్వరం, పలికించేది. రెండింటి పెట్టెల మీదా "పిచ్" అన్న మాట కనిపించేసరికి ఒకటే అనుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకుండా కింది వరుసలో వెళ్లండి.

1. ముందు పని తేల్చుకోండి

ఈ ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు పనిముట్లు అమ్ముడవుతున్నాయి.

మొదటిది మొత్తం శ్రుతిని జరిపేది. ఇందులో మీరు మీటిన అసలు ధ్వని బయటకు రాదు, జరిపిన ధ్వని ఒక్కటే ఆంప్‌కు వెళుతుంది. డిజిటెక్ డ్రాప్ ఈ కోవలో అందరికీ తెలిసినది. ఒకే గుండ్రటి మీట ఉంటుంది. 1 నుంచి 7 ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్లు) వరకు దించుతుంది, ఆ తర్వాత పూర్తి స్థాయి (ఆక్టేవ్, అంటే 12 ఫ్రెట్లు), చివర కింది స్థాయికి అసలు ధ్వనిని కలిపిన అమరిక. పైకి మాత్రం పోదు. బాస్ కంపెనీ 2025లో తెచ్చిన ఎక్స్‌ఎస్-1 రెండు వైపులా జరుపుతుంది. గాయని శ్రుతి దించమన్నప్పుడు పనికొచ్చేవి ఇవే.

రెండోది ఆక్టేవ్ పెడల్. మీ ధ్వనిని అలాగే ఉంచి, మంద్రస్థాయిలోనో తారస్థాయిలోనో మరో గొంతును జతచేస్తుంది. బృందంలో బేస్ గిటార్ లేనప్పుడు ఇది ఆదుకుంటుంది. ఇద్దరే ఉన్న ది వైట్ స్ట్రైప్స్ బృందంలో జాక్ వైట్ కింది స్థాయిని పెడల్‌తోనే తెచ్చుకున్నాడు. ఈ రకంలో ఒక్క సంగతి చూసుకోవాలి. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 లాంటి పాత అనలాగ్ పెడల్‌కు ఒకసారికి ఒకే స్వరం అర్థమవుతుంది. రెండు తీగలు కలిపి మీటితే గొంతులో వెలక్కాయ పడ్డట్టు గురగురలాడుతుంది. 2020లో వచ్చిన ఓసీ-5లో పాత పద్ధతితో పాటు కార్డ్‌లను పట్టుకునే పద్ధతి కూడా ఉంది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి మైక్రో పాగ్, నానో పాగ్‌లలో అసలు ధ్వనికి, కింది స్థాయికి, పై స్థాయికి తలా ఒక మీట ఉంటుంది. మూడో నిమిషానికల్లా వాటితో చేయి కలిసిపోతుంది.

మూడోది స్వరాన్ని కాలితో జార్చేది. దీని మూలపురుషుడు 1989లో వచ్చిన ఎర్రటి డిజిటెక్ వామీ. రేజ్ అగైన్స్ట్ ది మెషీన్ బృందం గిటారిస్టు టామ్ మొరెల్లో చేతిలో, అంటే కాలిలో, అది గిటార్‌ను సైరన్‌లా అరిపించింది. కానీ ఊపే పలక ఉన్న వామీ చిన్నది కాదు, సంచిలో సగం ఆక్రమిస్తుంది. అదే కంపెనీ రికోషే పలక తీసేసి స్విచ్ పెట్టింది. స్వరం పైకి ఎంతసేపట్లో ఎక్కాలి, ఎంతసేపట్లో దిగాలి అన్నది రెండు మీటలతో ముందే అమర్చుకుంటారు. కాలి ఒడుపు కావాలనుకునేవారికి అది కాస్త యాంత్రికంగానే ఉంటుంది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ పిచ్ ఫోర్క్‌కు విడిగా ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో ఊపే పలక) తగిలించుకోవచ్చు. అప్పుడు మళ్లీ రెండు పెట్టెలు మోయాలి.

నాలుగోది హార్మొనీ పెడల్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన చేతుల్లో ఇది ఎక్కువ నిరాశపరుస్తుంది. శంకరాభరణంలో స నుంచి గ నాలుగు ఫ్రెట్ల దూరం, రి నుంచి మ మూడే. దూరాన్ని మార్చకుండా ఎప్పుడూ నాలుగే జరిపే పెడల్ మీరు స మీటితే గ పలుకుతుంది, రి మీటితే మాత్రం శుద్ధ మధ్యమాన్ని దాటి ప్రతి మధ్యమం మీద పడుతుంది. అసలైన హార్మొనీ పెడల్‌కు ఆధార స్వరం ఏదో, మేజరో మైనరో ముందే చెబితే, స్వరాన్ని బట్టి మూడో నాలుగో తనే ఎంచుకుంటుంది. 2010లో వచ్చిన బాస్ పీఎస్-6, టీసీ ఎలక్ట్రానిక్ క్వింటెసెన్స్ ఆ పని చేస్తాయి. మేజర్ అంటే మన శంకరాభరణం, సహజ మైనర్ అంటే నఠభైరవి. అక్కడిదాకా బాగుంది. మాయామాళవగౌళ వాయించి చూడండి. శుద్ధ రిషభం పక్కనే అంతర గాంధారం రావడం మేజర్, మైనర్ రెండింటిలోనూ లేదు, ఇక పెడల్ ఊహ మీద నడుస్తుంది. గమకం వేస్తే మరీ తేలిపోతుంది. తీగ లాగి స నుంచి రి కి జారుతుంటే, స్వరం మారిందని పెడల్ నిర్ణయించుకున్న చోట హార్మొనీ ఒక్క కుదుపుతో దూకుతుంది. కర్ణాటక బాణీలో వాయించేవారు హార్మొనీ పెడల్ జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. శ్రుతి దించే పెడల్‌తో ఈ చిక్కు లేదు. దూరం ఎప్పుడూ ఒకటే కాబట్టి గమకం ఎలా వెళితే అదీ అలాగే వెంట వస్తుంది.

మూఅర్ పిచ్ బాక్స్ లాంటి అరచేతిలో ఇమిడే పెట్టెలు మూడు పనులు చేస్తామంటాయి. అందులో "హార్మొనీ" అని రాసి ఉన్నది రాగం తెలిసిన హార్మొనీ కాదు, అసలు ధ్వనికి జరిపిన ధ్వనిని కలపడం మాత్రమే. నేర్చుకునే దశలో ఏ పని మీకు కావాలో తెలుసుకోవడానికి అలాంటిది ఒకటి చవకలో కొనడం తప్పేమీ కాదు.

2. ఎన్ని ఫ్రెట్లు కావాలో లెక్క వేసుకోండి

గాయకులు కట్టెల్లో చెబుతారు, పెడల్ మీద సెమీటోన్లు ఉంటాయి. ఒక సెమీటోన్ అంటే గిటార్ మీద ఒక ఫ్రెట్, వీణ మీద ఒక మెట్టు. ఒకటో శ్రుతి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ. ఆ తర్వాత మూడున్నర లేదు, నేరుగా నాలుగు, అంటే ఎఫ్. నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు ఇలా సాగి, ఏడున్నర లేకుండా మళ్లీ ఒకటి. ఇక్కడే తప్పులు జరుగుతాయి. ఐదున్నర నుంచి ఐదుకు దిగితే ఒక ఫ్రెట్. మూడు నుంచి రెండుకు దిగితే రెండు ఫ్రెట్లు. నాలుగు నుంచి మూడుకు దిగితే అంకె నిండుగా ఒకటి తగ్గినా ఒకే ఫ్రెట్.

మీరు తోడు వాయించే గాయకుల శ్రుతులను ఒక కాగితం మీద రాసి, అసలు పాట శ్రుతి నుంచి ఎంత దూరమో చూడండి. ఒకటి నుంచి మూడు ఫ్రెట్ల లోపే సర్దుకుంటే చిన్న పెడల్ చక్కగా సరిపోతుంది. నాలుగు దాటాక ఏ పెడల్ అయినా ధ్వనిని కొంత ప్లాస్టిక్ చేస్తుంది. ఏడు ఫ్రెట్ల కింద రోజూ వాయించాల్సి వస్తే పెడల్ డబ్బు దాచుకుని బారిటోన్ గిటార్ (తక్కువ శ్రుతి కోసం చేసిన పొడవైన గిటార్) గురించి ఆలోచించండి. అన్ని పాటలూ ఎప్పుడూ ఒకే ఫ్రెట్ కిందే వాయించేవారికి అసలు ఖర్చే అవసరం లేదు. ఒక నంబరు లావు తీగలు వేసి, దించి శ్రుతి చేసుకుంటే చాలు.

మరొక మాట. మీ దగ్గర ఇప్పటికే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ఉంటే దాని జాబితాలో పిచ్ ఎఫెక్ట్ ఉందేమో ముందు చూడండి. చాలామంది ఉన్నదాన్ని తెరిచి చూడకుండానే కొత్తది కొంటారు.

3. పరీక్షించే ముందు లోపలి సంగతి తెలుసుకోండి

క్యాసెట్ కాలం చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. బ్యాటరీలు అయిపోయే టేప్ రికార్డర్‌లో టేపు నెమ్మదిగా తిరిగితే గాయకుడి గొంతు బొంగురుపోతుంది, పాట కూడా సాగుతుంది. పెడల్ గొంతును దించాలి, పాట మాత్రం సాగకూడదు. అందుకని వచ్చిన ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా దాచుకుని, వేరే వేగంతో తిరిగి చదివి, ఆ ముక్కల అంచులను ఒకదానిలోకి ఒకటి కలిపి కుడుతుంది. కుట్టు కనబడితే మీకు వణుకులాంటి గరగర వినిపిస్తుంది. పెడళ్ల ధరల్లో తేడా చాలావరకు ఈ కుట్టుపనిలోనే ఉంటుంది.

ముక్క దాచుకోవడానికి కొంత సమయం పడుతుంది. గిటార్ అడుగు తీగ ఇ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క ఆవృత్తికే 12 మిల్లీసెకన్లు. స్వరం ఏదో తెలియాలంటే పెడల్ కనీసం అంతసేపు వినాలి. సన్న తీగల మీద చురుగ్గా అనిపించిన పెడల్ లావు తీగ మీద ఒక క్షణం వెనకబడినట్టు అనిపించడానికి కారణం ఇదే. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆంప్ మీకు సుమారు 11 అడుగుల దూరంలో ఉన్నట్టే. వేదిక మీద అంత దూరం మామూలే, చేతికి అలవాటైపోతుంది. రెండింతలైతే వేగంగా మీటేటప్పుడు చేతికీ చెవికీ పొంతన కుదరదు.

4. దుకాణంలో ఇలా పరీక్షించండి

మీ గిటార్, మీ కేబుల్ వెంట తీసుకెళ్లండి. దుకాణంలోని గిటార్ తీగలకు ఎన్ని నెలల తుప్పు ఉంటుందో తెలియదు. బయల్దేరే ముందు గిటార్ జాగ్రత్తగా శ్రుతి చేయండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం పక్కకు పోయే గిటార్‌కు ఏ పెడల్ మందు వేయలేదు. ఆంప్ క్లీన్‌గా (గరగర కలపకుండా) ఉంచండి, రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసేది) పూర్తిగా తీసేయండి. రివర్బ్ ఉంటే ప్రతి లోపమూ అందంగానే వినిపిస్తుంది.

ముందుగా రెండు ఫ్రెట్లు దించి, అడుగు తీగను అరచేతి అంచుతో నొక్కి, డుగ్ డుగ్ డుగ్ అని సమంగా వేగంగా మీటండి. ప్రతి దెబ్బా విడిగా, మొనతో వినిపించాలి. దూదిలో కొట్టినట్టు ఉంటే ఆ పెడల్ పక్కన పెట్టండి. తర్వాత జి కార్డ్‌ను ఆరు తీగలతో ఒక్కసారి మీటి వదిలేయండి. అరిగిపోయేదాకా, కనీసం ఆరేడు సెకన్లు వినండి. మొదటి రెండు సెకన్లు అన్ని పెడళ్లూ బాగానే ఉంటాయి. నీటి అడుగున మోగినట్టు వణుకు వచ్చేది చివర్లో. ఆ తర్వాత గిటార్ వాల్యూమ్ మీటను సగానికి తగ్గించి మళ్లీ అదే చేయండి. తక్కువ ధ్వనిలో స్వరం జారిపోయే పెడళ్లు ఇక్కడ దొరికిపోతాయి.

అప్పుడు ఆలస్యం సంగతి. చెవితో తేల్చుకోలేకపోతే ఫోను సాయం తీసుకోండి. తీగలన్నీ అరచేతితో మూసి, ఫోన్‌ను గిటార్‌కూ ఆంప్‌కూ దగ్గరగా పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టి, ప్లెక్ట్రమ్‌తో ఒక్కసారి "టక్" మనిపించండి. పెడల్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి. తర్వాత వింటే మొదటిది ఒకే టక్కుగా, రెండోది టక్ టక్ అని జంటగా వినిపించవచ్చు. శబ్ద తరంగం గీతగా చూపించే ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా ఆ రెండు శిఖరాల మధ్య దూరం మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. రెండు పెడళ్ల మధ్య తేల్చుకోలేనప్పుడు నాకు ఇంతకన్నా నిజాయతీ గల సాక్ష్యం దొరకలేదు.

చివరగా పెడల్ ఆపి వేసి, ఆపి వేసి చూడండి. వేసినప్పుడు ధ్వని పరిమాణం తగ్గకూడదు, స్విచ్ "టప్" అని పేలకూడదు.

మీ ఊళ్లో అలాంటి దుకాణం లేక ఇంటికి తెప్పించుకుంటే, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు ఈ పరీక్షలన్నీ మొదటి రోజే చేయండి.

5. ఇంట్లో మొదటిసారి వాయిస్తే భయపడకండి

కొత్త పెడల్ తెచ్చిన రాత్రి ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటారు, ఆంప్ మెల్లగా పెడతారు. ఒక ఫ్రెట్ దించి కార్డ్ మీటగానే చెవులు గిలగిల్లాడతాయి. పెడల్ చెడిపోయిందనుకుని మర్నాడే తిరిగి పంపేసినవారు నాకు తెలుసు. లోపం పెడల్‌ది కాదు. ఆంప్ మెల్లగా ఉన్నప్పుడు మీ ఒళ్లో ఉన్న గిటార్ తీగల అసలు ధ్వని నేరుగా చెవిన పడుతుంది. అది పాత శ్రుతి, ఆంప్‌ది కొత్త శ్రుతి. అడుగు తీగ 82 దగ్గర, ఆంప్ 78 దగ్గర. ఆ రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని సెకనుకు నాలుగైదు సార్లు ఉబ్బి తగ్గుతాయి. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి ఇది నరకమే.

హెడ్‌ఫోన్ పెట్టుకోండి, లేదా ఆంప్ ధ్వనిని తీగల శబ్దం మునిగేదాకా పెంచండి. రెండూ వీలుపడని ఇంట్లో శ్రుతి దించే పెడల్‌తో సాధన చేయడం కష్టమే, కొనేముందే ఇది ఆలోచించుకోండి. పూర్తి స్థాయి దించే ఆక్టేవ్ పెడల్‌తో ఈ ఇబ్బంది ఉండదు. మంద్ర స, మధ్య స కలిస్తే చెవికి ఇంపుగానే ఉంటుంది కదా.

6. వరుస, కరెంటు

గిటార్ నుంచి ట్యూనర్, దాని తర్వాత పిచ్ పెడల్, ఆ తర్వాతే డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే పెడల్). ట్యూనర్ ముందే ఉండాలి, లేకపోతే దించిన శ్రుతిని చూపిస్తూ మిమ్మల్ని తికమకపెడుతుంది. డిస్టార్షన్ తర్వాత పిచ్ పెడల్ పెడితే దానికి స్వరాలు కాదు, చిక్కుపడిన దారం ఉండ అందుతుంది. ఏ స్వరాన్ని జరపాలో అదెలా తేల్చుకుంటుంది? డిలే (ప్రతిధ్వని పెడల్), రివర్బ్ ఎప్పుడూ చివరే. కంప్రెసర్ (పెద్ద, చిన్న ధ్వనులను సమం చేసే పెడల్) ఉంటే పిచ్ పెడల్‌కు ముందు పెట్టి చూడండి. స్వరం అరిగిపోతున్నప్పుడు కూడా ధ్వనిని నిలకడగా అందిస్తుంది కాబట్టి వణుకు తగ్గుతుంది.

కరెంటు విషయంలో చాలామంది దెబ్బతింటారు. డిజిటల్ పిచ్ పెడల్ లోపల చిన్న కంప్యూటర్ ఉన్నట్టే, మామూలు డిస్టార్షన్ పెడల్ కంటే చాలా రెట్లు ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. డిజిటెక్ డ్రాప్‌లో బ్యాటరీ పెట్టే చోటే లేదు. పెడల్ అడుగున రాసి ఉన్న మిల్లీ ఆంపియర్ల అంకె, మీ అడాప్టర్ మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి. అడాప్టర్ అంకె ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. 9 వోల్టులే ఉండాలి, ప్లగ్ మధ్య భాగం మైనస్ కావాలి. కీబోర్డ్ అడాప్టర్లలో మధ్య భాగం ప్లస్‌గా ఉన్నవి చాలా ఉంటాయి. అదీ నల్లగానే, అదే లావులో ఉంటుంది, చీకట్లో చేతికి అదే తగులుతుంది. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా నాలుగు పెడళ్లకు పంచితే డిజిటల్ పెడల్ సన్నటి ఈల శబ్దాన్ని మిగతావాటిలోకి వదలవచ్చు. అలా జరిగితే పిచ్ పెడల్‌కు విడిగా ఒక అడాప్టర్ ఇవ్వండి.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ తగిలించే ఆలోచన ఉంటే, అది మీ పెడల్ కంపెనీ చెప్పిన రకమేనా అని చూసుకోండి. స్టీరియో ప్లగ్‌లో ఏ తీగ ఎటు వెళ్లాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ప్లగ్ చక్కగా దూరుతుంది, కాలు కదిపితే మాత్రం స్వరం సగంలోనే అతుక్కుపోతుంది.

7. పాత పెడల్ కొంటుంటే

మీటలన్నీ చివరిదాకా తిప్పి చూడండి, స్విచ్‌ను ఓ ఇరవైసార్లు తొక్కండి. అడాప్టర్ దూరే చోట వేలితో మెల్లగా కదిపితే పెడల్ ఆరిపోయి వెలుగుతుంటే అక్కడ టంకం వదిలింది. అది బాగుచేయదగ్గ లోపమే, ధర మాత్రం తగ్గించమనండి. లోపలి చిప్ పోయిన డిజిటల్ పెడల్‌ను వీధి చివరి మెకానిక్ బాగుచేయలేరు. అందుకే మోగని పెడల్‌ను "చిన్న పనే ఉంది" అన్న మాట నమ్మి కొనకండి.

8. మొదటి కార్యక్రమానికి ముందు

బేస్ గిటార్ వాయించే ఆయనకు పెడల్ సంగతి ముందే చెప్పండి. చాలామంది బేస్ గిటారిస్టులు తెలియని పాటకు మీ ఎడమచేతి వేళ్లు చూసి స్వరం పట్టుకుంటారు. మీ వేళ్లు జి దగ్గర ఉంటాయి, ఆంప్‌లోంచి వచ్చేది ఎఫ్ షార్ప్. ఆయన నమ్మకంగా జి మీటుతాడు. ఒకసారి పల్లవి మొత్తం అలా నడిచింది, చరణం దాకా ఇద్దరం ఒకరినొకరు కోపంగా చూసుకుంటూనే వాయించాం.

వేదిక మీద వెలుగు ఆరితే మీట ఎక్కడుందో కనిపించదు. మీరు ఎక్కువగా వాడే అంకె ఎదురుగా తెల్లటి గోళ్లరంగు చుక్క ఒకటి పెట్టుకోండి. రెండు పొరలు వేసి, పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి.